సైన్ అంటే ఎత్తు: యూనిట్ సర్కిల్‌తో సైన్ విలువలు అర్థం చేసుకోవడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో చేరింది. టెన్త్‌లో 0, 30, 45, 60, 90 డిగ్రీల పట్టిక బట్టీ పట్టి గట్టెక్కింది. ఇప్పుడు 150, 210, 330 అంటూ కొత్త కోణాలు వచ్చేసరికి తడబడుతోంది, పరీక్షంటే టెన్షన్ పడుతోంది. పక్కన కూర్చుని చెబుదామనుకుంటే, లంబకోణ త్రిభుజంలో 150 డిగ్రీల కోణం ఎలా పడుతుందో మీకే అంతుబట్టలేదు. యూనిట్ సర్కిల్‌తో అన్నీ తేలిపోతాయని ఎవరో చెప్పారు, అదెలాగో వివరించమన్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. వ్యాసార్థం 1 ఉన్న వృత్తం గీయండి, యూనిట్ సర్కిల్ అంటే అదే. దాని కేంద్రం గుండా ఒక అడ్డగీత గీయండి. ఆ గీత వృత్తాన్ని కుడివైపు తాకే చోట ఒక చుక్క పెట్టి, గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా వృత్తం మీద నడిపించండి. చుక్క ఎంత కోణం తిరిగిందో చూడండి. అప్పుడు అది అడ్డగీతకు ఎంత ఎత్తులో ఉంటే అదే ఆ కోణానికి సైన్.

మొదట్లో చుక్క గీత మీదే ఉంది, ఎత్తు 0. 30 డిగ్రీలు తిరిగితే ఎత్తు 1/2. 45 దగ్గర √2/2, అంటే సుమారు 0.707. 60 దగ్గర √3/2, సుమారు 0.866. 90 దగ్గర చుక్క శిఖరం మీద ఉంటుంది, ఎత్తు 1. ఆ తర్వాత కొత్త అంకెలేవీ రావు. ఎడమవైపు దిగేటప్పుడు అవే ఎత్తులు మళ్ళీ తగులుతాయి, గీత కిందికి వెళ్ళాక అవే లోతులుగా మారి ముందు మైనస్ గుర్తు చేరుతుంది. అందుకే 150 దగ్గర 1/2, 210 దగ్గర −1/2, 330 దగ్గర కూడా −1/2.

దీన్ని ఇలాగే అమ్మాయికి అప్పజెబితే పాత బట్టీ మీద కొత్త బట్టీ చేరుతుంది. ఈ ఎత్తులు ఇంతే ఎందుకు ఉండాలో ఆమె కళ్ళతో చూడాలి. నేను ఇంటర్ పిల్లలకు గణితం చెప్పడం మొదలుపెట్టి 19 ఏళ్ళయింది. పట్టిక మరిచిపోయినవాళ్ళను చాలామందిని చూశాను కానీ, బొమ్మ సొంతంగా గీసుకోవడం వచ్చినవాళ్ళు ఇక్కడ ఆగిపోవడం చూడలేదు.

త్రిభుజంలో 150 డిగ్రీలు ఎలా?

మీ సందేహం న్యాయమైనదే. లంబకోణ త్రిభుజంలో ఒక కోణానికే 90 పోతే మిగతా రెండింటికీ కలిపి మిగిలేది 90. అందులో 150 పట్టదు. టెన్త్‌లో చెప్పిన ‘ఎదుటి భుజం బై కర్ణం’ తప్పు కాదు, అది లఘుకోణాల వరకే పనికొచ్చే నిర్వచనం, అంతే. యూనిట్ సర్కిల్ దాన్ని కొట్టేయదు, అక్కడి నుంచే ముందుకు తీసుకెళుతుంది. వృత్తం మీద చుక్క నుంచి అడ్డగీతకు ఒక లంబం దించండి. ఒక లంబకోణ త్రిభుజం వస్తుంది. దాని కర్ణం ఏది? కేంద్రం నుంచి చుక్క దాకా ఉన్న గీత, అంటే వ్యాసార్థమే. అది 1. ఎదుటి భుజాన్ని 1తో భాగిస్తే ఎదుటి భుజమే మిగులుతుంది, అంటే ఆ లంబం పొడవు. వ్యాసార్థం 1 తీసుకోవడం వెనక ఉన్న సౌకర్యం ఇదే, భాగహారం తప్పిపోతుంది. ఇక చుక్క ఎడమవైపుకు వెళ్ళినా, కిందికి వెళ్ళినా దానికంటూ ఒక ఎత్తో లోతో ఉంటుంది కాబట్టి 150కైనా 1000కైనా సైన్ అడగవచ్చు.

ఈ మాట చెప్పగానే అమ్మాయి చేత ఒక పని చేయించండి. గ్రాఫ్ కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పావు వృత్తం గీయించండి. జామెట్రీ బాక్సులోని కంపాస్ అంత తెరుచుకోకపోతే పెన్సిల్‌కు దారం కట్టి గీయవచ్చు. ప్రొట్రాక్టర్‌తో 30, 45, 60 డిగ్రీలు గుర్తుపెట్టి, ఆ చుక్కల ఎత్తు స్కేలుతో కొలవమనండి. 5 సెంటీమీటర్లు, 7 మీద కొంచెం, 8.7కు కాస్త తక్కువ వస్తాయి. 10తో భాగిస్తే పట్టికలోని అంకెలే. తను బట్టీ పట్టిన √3/2 అంటే స్కేలు మీద కనిపించే ఒక పొడవు అని తెలిసిన క్షణంలో పిల్లల మొహంలో వచ్చే మార్పు నేను ఎన్నోసార్లు చూశాను. ఈ పదిహేను నిమిషాలు దయచేసి తప్పించవద్దు.

30 దగ్గర సరిగ్గా సగమే ఎందుకు?

కొలిస్తే 5 వచ్చింది, సరే. కానీ 4.98 కాకుండా కచ్చితంగా సగమే అని ఎలా నమ్మాలి? ఇక్కడే మొత్తం విషయం ఉంది, కొంచెం ఓపికగా చూడండి.

అడ్డగీతకు పైన 30 డిగ్రీల దగ్గర ఒక చుక్క పెట్టండి. గీత కింద కూడా 30 డిగ్రీల దగ్గర ఇంకో చుక్క. రెండింటినీ కేంద్రానికి కలపండి, ఆ తర్వాత రెండు చుక్కలను ఒకదానితో ఒకటి కలపండి. కేంద్రం దగ్గర కోణం 30, 30 కలిపి 60. రెండు భుజాలూ వ్యాసార్థాలే, రెండూ 1. రెండు భుజాలు సమానమై మధ్య కోణం 60 అయితే మిగిలిన రెండు కోణాలూ 60 చొప్పునే ఉండాలి, అంటే అది సమబాహు త్రిభుజం. కాబట్టి రెండు చుక్కల మధ్య దూరం కూడా 1. అడ్డగీత దాన్ని సరిగ్గా సగానికి కోస్తుంది. పైన మిగిలేది 1/2. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు.

45కు ఇదే పద్ధతి. పైన 45, కింద 45 పెడితే కేంద్రం దగ్గర లంబకోణం. భుజాలు 1, 1. పైథాగరస్ ప్రకారం చుక్కల మధ్య దూరం √2, అందులో సగం √2/2. పాఠ్యపుస్తకాల్లో దీన్నే 1/√2 అని వేస్తారు. రెండూ ఒకటే, పైనా కిందా √2తో గుణిస్తే ఒకటి రెండోదిగా మారుతుంది. ఈ రెండు రూపాలూ వేర్వేరు అంకెలనుకుని కంగారుపడే పిల్లలు ప్రతి ఏడాదీ కొందరైనా ఉంటారు, అందుకని ముందే చెప్పేయండి.

60కి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. 60 దగ్గర చుక్క నుంచి లంబం దించితే వచ్చే త్రిభుజంలో మిగిలిన కోణం 30. ఆ 30కి ఎదురుగా ఉండేది అడ్డంగా ఉన్న భుజం, దాని పొడవు ఇందాక తేల్చిన 1/2. కర్ణం 1. ఎత్తు వర్గం 1 − 1/4 = 3/4. కాబట్టి ఎత్తు √3/2.

జామెట్రీ బాక్సులో రెండు మూలమట్టాలు ఉంటాయి కదా, ఏళ్ళ తరబడి ఎవరూ బయటికి తీయనివి. ఒకటి 45-45-90, రెండోది 30-60-90. సైన్ పట్టిక అంతా ఆ రెండు ప్లాస్టిక్ ముక్కల్లోనే ఉంది. రెండోదాని పొట్టి భుజాన్నీ కర్ణాన్నీ కొలిపించండి, ఏ కంపెనీదైనా కర్ణం రెట్టింపు ఉంటుంది.

పైన రెండు చుక్కలు కలిపి సగం చేసిన పద్ధతి నేను కనిపెట్టింది కాదు. సైన్ పుట్టిందే అలా. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు వృత్తంలో ‘చాపం’, ‘జ్యా’ అనే మాటలు గుర్తుండే ఉంటాయి. చాపం అంటే విల్లు, జ్యా అంటే దాని అల్లెతాడు. మన బొమ్మలో రెండు చుక్కల మధ్య వంపు విల్లు, వాటిని కలిపిన గీత అల్లెతాడు. అందులో సగం అర్ధజ్యా, అదే సైన్. సంస్కృత గణితంలో వాడుకలో అర్ధజ్యా కాస్తా ఉత్త జ్యా అయింది. అరబ్బులు దాన్ని ‘జీబ’ అని రాసుకున్నారు. అరబిక్ రాతలో అచ్చులు రాయకుండా వదిలేయడం మామూలు కాబట్టి తర్వాతివాళ్ళు దాన్ని ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే వాళ్ళ భాషలో బట్ట మడత, ఎదభాగం. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్ళు ఆ అర్థానికి సరిపోయే ‘సైనస్’ అనే మాట పెట్టారు, అదే సైన్ అయింది. మనం చొక్కాకు కుట్టించుకునే జేబు కూడా ఆ జైబ్ నుంచి వచ్చిందే.

ఆర్యభటుడు 499లో ఆర్యభటీయం రాశాడు. అందులో 0 నుంచి 90 డిగ్రీల దాకా 24 సమాన భాగాలు చేసి, ఒక్కో అడుగుకూ అర్ధజ్యా ఎంత పెరుగుతుందో పట్టికగా ఇచ్చాడు. ఒక్కో అడుగు 3 డిగ్రీల 45 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు). వ్యాసార్థం 1 బదులు 3438 తీసుకున్నాడు. వృత్తం చుట్టుకొలతను 21600 నిమిషాలుగా లెక్కిస్తే వ్యాసార్థం సుమారు అంతే వస్తుంది. ఆ పెరుగుదలలను వరసగా కూడుకుంటూ పోతే ఎనిమిదో విలువ మన 30 డిగ్రీలది: 1719. రెట్టింపు చేసి చూడండి, సరిగ్గా 3438. పన్నెండోది 45 డిగ్రీలది: 2431. దాన్ని 3438తో భాగిస్తే 0.707. పదిహేను వందల ఏళ్ళ నాటి అంకెను ఫోన్‌లో భాగించి చూసుకోవడం పిల్లలకు భలే నచ్చుతుంది, మీ అమ్మాయి చేత కూడా చేయించండి.

కోణం రెట్టింపైతే ఎత్తు రెట్టింపు కాదు

సైన్ 30 సగం కదా, మరి సైన్ 60 ఒకటి ఎందుకు కాదు అని అడుగుతారు. మంచి ప్రశ్న, విసుక్కోకూడదు. తిరునాళ్ళలో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేయండి. మన పెట్టె ఇరుసుతో సమానమైన ఎత్తులో పక్కగా ఉన్నప్పుడు దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది, కడుపులో తిప్పినట్టవుతుంది. పైకి చేరేకొద్దీ పక్కకు జరగడమే ఎక్కువ, పైకి లేవడం తక్కువ. అంకెల్లో చూస్తే మొదటి 30 డిగ్రీల్లో 0.5 ఎక్కుతుంది. తర్వాతి 30లో 0.366. చివరి 30లో 0.134 మాత్రమే. మూడూ కలిపితే 1. పావు వృత్తం గీసిన ఆ గ్రాఫ్ కాగితం మీదే ఈ తేడాలన్నీ కొలిచి చూపించవచ్చు.

90 దాటాక: గోడ గడియారం చూడండి

ఇక మీ అమ్మాయి అసలు ఇబ్బంది. దీనికి నేను క్లాసులో ఎప్పుడూ గడియారాన్నే వాడతాను. గడియారంలో పక్కపక్క అంకెల మధ్య 30 డిగ్రీలు ఉంటాయి. 3 అంకె దగ్గర 0 డిగ్రీలు అనుకుని వెనక్కి వెళ్ళండి. 2 దగ్గర 30, 1 దగ్గర 60, 12 దగ్గర 90, 11 దగ్గర 120, 10 దగ్గర 150, 9 దగ్గర 180, 8 దగ్గర 210, 7 దగ్గర 240, 6 దగ్గర 270, 5 దగ్గర 300, 4 దగ్గర 330.

ఇప్పుడు గుండ్రటి గడియారం ముందు నిలబెట్టి అడగండి: 2 అంకెతో సమానమైన ఎత్తులో ఇంకేది ఉంది? 10. అందుకే సైన్ 150, సైన్ 30 ఒకటే. 1కి జోడీ 11, కాబట్టి సైన్ 120 అంటే √3/2. ముళ్ళు బిగించిన మధ్య చోటుకు కింద 8, 4 ఒకే లోతులో ఉన్నాయి, సైన్ 210, సైన్ 330 రెండూ −1/2. 7, 5 ఇంకా లోతు, రెండూ −√3/2. అట్టడుగున 6, సైన్ 270 అంటే −1. ఇక 45, 135, 225, 315 మిగిలాయి. అవి రెండు అంకెలకు నడుమ పడతాయి: 45 అంటే 1కీ 2కీ మధ్య, 135 అంటే 10కీ 11కీ మధ్య. వాటి ఎత్తు √2/2, కిందివాటికి మైనస్.

బొమ్మ లేకుండా పరీక్షలో చేయాలంటే అడగాల్సినవి రెండే. చుక్క అడ్డగీతకు పైన ఉందా, కింద ఉందా? దగ్గరలో ఉన్న అడ్డగీత కొసకు ఎన్ని డిగ్రీల దూరంలో ఉంది? అడ్డగీత కొసలు 0, 180, 360. ఉదాహరణకు 240. 180 దాటి 60, గీత కింద. కాబట్టి సైన్ 60 రాసి ముందు మైనస్. 360 దాటిన కోణమైతే 360లు తీసేస్తూ రండి, చుక్క ఎన్ని చుట్లు తిరిగినా ఆగిన చోటే లెక్క. 1000లో 720 తీస్తే 280. అది మన పట్టికలో లేని కోణమే, అయినా అడ్డగీత కింద, 6కి దగ్గరగా ఉంది కాబట్టి జవాబు −1కి చేరువలో ఉంటుందని అంచనా వేయవచ్చు. మైనస్ కోణం ఇస్తే గడియారం తిరిగే దిశలోనే వెళ్ళాలి, −30 అంటే 4 అంకె.

‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అని మన దగ్గర అందరూ నేర్పే వాక్యం ఒకటి ఉంది, వృత్తంలోని ఏ పాదంలో, అంటే ఏ పావు భాగంలో, సైన్, కాస్, టాన్‌లలో ఏవి ప్లస్‌గా ఉంటాయో గుర్తుండడానికి. వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ అది ముందు నేర్పితే పిల్లలు బొమ్మ వదిలేసి కప్పులు లెక్కపెడతారు. మా క్లాసులో ఒకమ్మాయి ప్రతిసారీ సైన్ 150కి −1/2 వేసేది. ఎందుకని అడిగితే, ‘ఎడమవైపు అంతా మైనస్ కదా సార్’ అంది. ఎడమ, కుడి అనేవి కాస్‌కు సంబంధించిన సంగతి. సైన్‌కు పైన, కింద మాత్రమే కావాలి. గోడ మీద గడియారం చూపించి, 10 అంకె, ముళ్ళు బిగించిన మధ్య చోటుకు పైన ఉందా, కింద ఉందా అని అడిగాను. తనే దిద్దుకుంది. ఆ తర్వాత ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

ఇంకో కుర్రాడు 30కి √3/2, 60కి 1/2 అని తారుమారు చేసేవాడు. √3/2 చూడగానే అది పెద్దదో చిన్నదో పిల్లలకు తట్టదు, చిక్కు అక్కడే వస్తుంది. అందుకే దశాంశాలు కూడా నోటికి రావాలంటాను: 0.5, 0.7, 0.87. ఎక్కువ తిరిగిన చుక్క ఎక్కువ ఎత్తులో ఉండాలి కదా, 60కి 0.5 వేస్తే అక్కడే అనుమానం రావాలి.

√0, √1, √2, √3, √4 చిట్కా సంగతి

ఇంటర్నెట్‌లో ఇది మీకు కనిపించే ఉంటుంది. 0, 30, 45, 60, 90కి వరసగా √0/2, √1/2, √2/2, √3/2, √4/2. నిజమే, అన్నీ సరిపోతాయి, గుర్తుంచుకోవడానికి బాగుంటుంది. రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, ఇది కారణం కాదు, కారణం పైన చూసిన త్రిభుజాలే. రెండు, కోణాలు సమాన దూరంలో లేవు. 0 నుంచి 30, అక్కడి నుంచి 45 అంటే 15 మాత్రమే. ఇదేదో సూత్రం అనుకుని 15కీ 75కీ కూడా పొడిగిద్దామని చూస్తే దెబ్బతింటారు. సైన్ 15 అంటే √6 నుంచి √2 తీసేసి 4తో భాగించాలి, సుమారు 0.259. ఇంటర్‌లోనే ముందు ముందు సైన్ 18 కూడా వస్తుంది: √5 నుంచి 1 తీసేసి 4తో భాగిస్తే సుమారు 0.309. అవి వచ్చినప్పుడు కూడా ఎత్తు అన్న ఆలోచన పక్కనే ఉంటే, 18 డిగ్రీల జవాబు 15కీ 30కీ నడుమ పడిందా లేదా అని సరిచూసుకోవచ్చు.

ఫోన్ క్యాలిక్యులేటర్‌తో సరిచూసేటప్పుడు ఒక చిక్కు ఉంది. సైన్ 30 కొడితే −0.988 వచ్చిందని ఒకరి తండ్రి నాకు ఫోన్ చేశారు. క్యాలిక్యులేటర్ పాడవలేదు, అది రేడియన్లలో, అంటే కోణాన్ని కొలిచే ఇంకో ప్రమాణంలో ఉంది. 30 రేడియన్లు అంటే నాలుగు చుట్లు పూర్తిగా తిరిగి ఇంకా చాలా దూరం పోయి, 6 అంకె దగ్గరలో ఎక్కడో ఆగడం, అందుకే −1కి దగ్గరగా వచ్చింది. డిగ్రీల మోడ్‌లోకి మార్చుకుంటే 0.5 వస్తుంది. పుస్తకంలో సైన్ పై/6 అని ఉంటే అది మన 30 డిగ్రీలే, పై అంటే సగం చుట్టు, 180 డిగ్రీలు.

ఇవన్నీ ఒక్కరోజులో చెప్పేయాలని చూడకండి. మొదటిరోజు గ్రాఫ్ కాగితం, కొలతలు చాలు. రెండోరోజు 30కి సగం ఎందుకో త్రిభుజంతో ఆమె మీకు చెప్పాలి, మీరు ఆమెకు కాదు. మూడోరోజు గడియారం. కాస్ కోసం మళ్ళీ కొత్తగా ఏదీ నేర్పకండి, ఎత్తు బదులు మధ్య నుంచి కుడికో ఎడమకో చుక్క ఎంత దూరంలో ఉందో చూడమనండి, ఎడమైతే మైనస్. అదే గడియారంలో 10 అంకె చూసి కాస్ 150 ఎంతో చెప్పమనండి. −√3/2 అని పుస్తకం తెరవకుండా చెప్పిందంటే ఆ మర్నాడు టాన్ మొదలుపెట్టవచ్చు. ఎక్కడైనా ఆగిపోతే ఆమె గీసిన బొమ్మ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.